అడ్డకమ్మీ లేని సైకిలు

నా కుడికాలు ఎడమకాలి కంటే మూడు వేళ్ళు పొట్టి. నాలుగేళ్ళ వయసులో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ కాలిని అట్ల చేసి పోయింది. దానితోనే నడక నేర్చుకున్నాను. దానితోనే మార్కాపురం మిషను బోర్డింగులో ఉండి చదువుకున్నాను, ట్రైనింగు పాసయి పంతులునయినాను. ఊళ్ళో తిరిగినంతవరకు ఆ కాలితో నాకు పేచీ లేదు. మైలు దాటితే మాత్రం నడుం పట్టేసేది. రెండు మైళ్ళు నడిస్తే మరునాడు మంచం దిగేవాణ్ణి కాదు.

అప్పట్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. పైన మద్రాసు సర్కారు. మా మిషను బళ్ళు చాలావరకు ఒక్క పంతులు బళ్ళే. నాకు పని ఇచ్చిన ఊరు మార్కాపురానికి అయిదు మైళ్ళు. బడి అంటే ఒక పెద్ద పూరిల్లు. ఆదివారం అందులో ఆరాధన జరిగేది, మిగతా రోజులు నేను అఆలు చెప్పేవాణ్ణి. నా భార్య కూడా బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషే. బడి వెనకే మా ఇల్లు.

నేను పుట్టిన పల్లె ఆ ఊరికి నాలుగు మైళ్ళు, మధ్యలో ఒక వాగు. అక్కడి బడిలో నాకు అక్షరాలు నేర్పిన ముసలి పంతులే ఇంకా చెబుతూ ఉండేవాడు. ఆ ఎండాకాలం ఆయనకు చూపు బొత్తిగా తగ్గిపోయింది. కూతురింటికి వెళ్ళిపోయినాడు. బడి తలుపు మూతపడింది.

దసరా సెలవలకు ముందురోజు, బళ్ళ మేనేజరు గారు నన్ను మార్కాపురం పిలిపించినారు. ఆయన నెమ్మదస్తుడు. కాగితం ఒకటి చేతిలో పట్టుకుని, దాన్ని చదవకుండా మడిచి మళ్ళీ విప్పుతూ మాట్లాడినారు.

"మీ పల్లె బడిని తీసెయ్యమని పైవాళ్ళు అంటున్నారు. కొత్త పంతులును వెయ్యడానికి నాకు దారి లేదు. ఒకటే మార్గం ఉంది. నువ్వు పొద్దున నీ బడి, మధ్యాన్నం ఆ బడి చూసుకుంటే రెండూ నిలబడతాయి. దూరం నాలుగు మైళ్ళు. నీకు సైకిలు తొక్కడం వచ్చునా?"

"వచ్చునండీ," అన్నాను.

ఆ మాట ఎట్ల వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నేను అంతవరకు సైకిలు ఎక్కలేదు సరే, దాని హ్యాండిలు కూడా పట్టుకోలేదు. మా పల్లెలో నాకు తెలిసిన ఇళ్ళన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగినాయి. ఆ ఇళ్ళల్లో చేలపనికి పోవాల్సిన పిల్లలంతా కనబడినారు. నోరు దానంతట అదే వచ్చునంది.

"అయితే సెలవలయినాక మొదలుపెట్టు. చలికాలంలో ఇన్‌స్పెక్టరు వస్తాడు. రెండు బళ్ళూ చూస్తాడు," అన్నారు.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పినాను. ఆమె చాటలో బియ్యం చెరగడం ఆపి నా ముఖం చూసింది.

"వచ్చునన్నావా?"

"అన్నాను."

"సెలవలు ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు."

"అయితే రేపు పొద్దున్నే మార్కాపురం పో," అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

మార్కాపురంలో సైకిళ్ళు బాగుచేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. బాడుగకు ఇచ్చేవాడు, పాతవి కొని అమ్మేవాడు. తెల్లగడ్డం, నల్లబడిన వేళ్ళు. ఆ దుకాణానికి పోయే వాళ్ళంతా ఆయన్ను మామా అనే పిలిచేవారు. నేనూ అట్లనే పిలిచి, సైకిలు కావాలన్నాను.

ఆయన నన్ను దుకాణం ముందు అటు నుంచి ఇటు ఒకసారి నడవమన్నాడు. నడిచినాను. ఆయన ఒక జనపతాడు తీసుకుని, నా కాళ్ళ సందు నుంచి నేల దాకా కొలిచి ఒక ముడి వేసినాడు. అది ఎడమకాలి కొలత. కుడికాలిది కొలిచి ఇంకో ముడి వేసినాడు. రెండు ముడుల మధ్య తేడా చూసుకున్నాడు.

గోడకు ఆనించిన ఒక పెద్ద నల్ల సైకిలు చూపించి, "ఇది ఇరవైనాలుగు అంగుళాలది పంతులూ. ఆరడుగుల మనిషికి కుట్టిన చొక్కా లాంటిది. నీకొద్దు," అన్నాడు. పక్కనున్న దాన్ని చూపించినాడు. "ఇది ఇరవైరెండు. నీ ఎడమకాలికి సరిపోతుంది. కుడికాలికి ఏదీ సరిపోదు. అది తర్వాత చూసుకుందాం. ముందు ఎక్కడం దిగడం రావాల."

"ఇంకేమీ లేవా?"

ఆయన లేచి దుకాణం వెనక మూలన గోనెపట్టా తీసినాడు. కింద ఒక ఆకుపచ్చ సైకిలు ఉంది. సీటు ముందర అడ్డంగా పోయే కమ్మీ లేదు. దాని బదులు రెండు కమ్మీలు కిందికి వంగి ఉన్నాయి. వెనక చక్రానికి రెండు వైపులా దారాలతో అల్లిన వల ఉంది. ఆస్పత్రిలో పనిచేసిన ఒక నర్సమ్మది. బదిలీ అయి పోతూ అమ్మి పోయిందంట. ఏడాదిగా దాన్ని అడిగినవాడు లేడు.

"నీ కాలికి ఇది నయం," అన్నాడు.

"ఆడోళ్ళ సైకిలు కదా మామా," అన్నాను.

ఆయన గోనెపట్టా మళ్ళీ కప్పినాడు. నేను ఇరవైరెండు అంగుళాల సైకిలును వారం రోజులకు బాడుగకు తీసుకుని, అయిదు మైళ్ళూ ఒక ఎద్దులబండి వెనక కట్టించుకుని ఇంటికి తెచ్చినాను.

ఆ వారం సంగతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. సైకిలు ఎక్కాలంటే ఎడమకాలు పెడలు మీద పెట్టి, కుడికాలితో నేలను తన్ని, ఆ కాలినే వెనకనుంచి ఎత్తి అవతలికి వెయ్యాలి. నా కుడికాలు అంత ఎత్తు లేవదు. సగం లేచి కమ్మీ మీద పడేది. దాంతోపాటు నేనూ పడేవాణ్ణి. ఆగాలన్నా అంతే. ఎడమకాలు నేలకు దించే లోపల సైకిలు కుడివైపు ఒరిగేది. అటు ఆనడానికి కాలు అందేది కాదు. కమ్మీ తగిలిన చోటు ఎవరికీ చెప్పుకోలేనిది. పంచె అంచు చైనులో పడి రెండుసార్లు చిరిగింది. మూడోసారి పళ్ళచక్రం పంచెను మింగి నన్ను కదలకుండా పట్టుకుంది. నా భార్య కత్తెర తెచ్చి కోసి విడిపించింది.

అయిదో రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని మోచేతికి పసుపు పెట్టించుకుంటుంటే ఆమె అడిగింది.

"సాయిబు దగ్గర ఇంకోటి లేదా?"

అంతవరకు ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. "ఉంది," అన్నాను. "ఆడోళ్ళది."

"ఆడోళ్ళదానికి తేడా ఏంది?"

"అడ్డకమ్మీ ఉండదు."

ఆమె పసుపు గిన్నె కింద పెట్టింది. "నిన్ను పడేస్తున్నది ఆ కమ్మీయే కదా."

"నలుగురూ నవ్వుతారు."

"ఇప్పుడు నవ్వడం లేదా?"

వారం గడువు తీరిన పొద్దున బాడుగ సైకిలును బండికి కట్టి మళ్ళీ మార్కాపురం పోయినాను.

సాయిబు మామ నన్ను చూడగానే గోనెపట్టా తీసి, ఆకుపచ్చ సైకిలును ఎండలోకి తెచ్చి నిలబెట్టినాడు. పాత సైకిలు కొనేవాడు ఏం చూడాలో ఆ పొద్దున ఆయన నాకు చూపించినాడు. "తుప్పు చూసి భయపడొద్దు, రుద్దితే పోతుంది. ఇక్కడ చూడు," అని గొట్టాలు కలిసే చోట గోరుతో గీకినాడు. "రంగు సన్నగా పగిలి గీత పడిందంటే లోపల ఇనుము విరుగుతూ ఉన్నట్టు. అట్లాంటిది ఉత్తపుణ్యానికి ఇచ్చినా తీసుకోవద్దు." ముందు చక్రం ఎత్తి తిప్పి, చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. మెత్తగా గాలి పోతున్నట్టు వినిపించింది. గరగరమంటే లోపలి గుండ్లు అరిగినట్టంట. చక్రం వంకర ఉందేమో చూడడానికి బ్రేకు దగ్గర ఒక పుల్ల పట్టుకుని తిప్పినాడు. ఒకచోట పుల్ల తగిలింది. అక్కడి ఊచలు రెండు బిగించి మళ్ళీ తిప్పినాడు. ఈసారి తగల్లేదు.

తర్వాత నన్ను ఎక్కమన్నాడు. నేను ఎడమకాలు నేలమీద ఉంచి, కుడికాలు ఆ వంపు కమ్మీల మీదుగా అవతలికి పెట్టి సీటు మీద కూర్చున్నాను. అంతే. గడప దాటినట్టు ఉంది. వారం రోజులు యుద్ధం చేసినవాణ్ణి, అట్ల కూర్చుని ఊపిరి వదిలినాను.

"మడమ పెడలు మీద పెట్టు. పెడలు అడుగుకు పోయినప్పుడు మోకాలు పూర్తిగా సాగాల. అదీ సీటు ఎత్తు," అంటూ ఆయన సీటు దించి ఎత్తి, ఎడమకాలికి సరిచేసినాడు. కుడికాలికి వచ్చేసరికి పెడలు అడుగుకు పోయేటప్పటికి నా పాదం గాలిలో ఉంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. లోపలికి పోయి మూడు వేళ్ళ మందాన తుమ్మచెక్క ఒకటి కోసి, కుడి పెడలుకు తోలుపట్టీతో కట్టినాడు. పాదం ఆనింది.

ధర దగ్గర పెద్దగా పేచీ రాలేదు. ఏడాదిగా మూలన పడి ఉన్నది పోతున్నందుకు ఆయనకు సంతోషం. పంపు ఒకటి ఊరికే ఇచ్చినాడు.

"మొదటి రెండు రోజులు సీటు బాగా దించుకో. రెండు కాళ్ళూ నేలకు ఆనాల. పెడలు జోలికి పోవద్దు. కాళ్ళతో తన్నుకుంటూ పో. సైకిలు నిలబడడం ఒంటికి తెలిసినాక తొక్కడం అదే వస్తుంది," అని చెప్పి పంపించినాడు.

ఊరి బయట చవుడు నేల ఉండేది. ఏ పైరూ రాని తెల్లటి గట్టి నేల. అక్కడ నేర్చుకోవడం మొదలుపెట్టినాను. దాని పక్కన చేను ఒక ముసలి కాపాయనది. ఆయన గట్టుమీద కూర్చుని పక్షులను తోలుతూ నన్ను చూసేవాడు. మొదటిరోజు, "ఏం పంతులూ, చీర ఎప్పుడు కడతావు?" అన్నాడు. పక్కచేలల్లో కూలివాళ్ళు నవ్వినారు.

"సైకిలు వచ్చినాక కడతాలే పెదనాయనా," అన్నాను. నవ్వించాలని అన్నది కాదు, కోపం మింగుకుని అన్నాను. కాని అందరూ ఇంకోసారి నవ్వి, ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రెండు రోజులు కాళ్ళతో తన్నుకుంటూ తిరిగినాను. మూడోరోజు సీటు ఎత్తి పెడళ్ళ మీద కాళ్ళు పెట్టినాను. పది గజాలు పోయేసరికి సైకిలు పాములా వంకర్లు పోయి పడేది. నా భార్య వెనక సీటు పట్టుకుని పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయింది. అప్పుడు గట్టుమీది ముసలాయన లేచి వచ్చినాడు.

"నువ్వు ముందు చక్రాన్ని చూస్తున్నావు పంతులూ. నాగలి పట్టినవాడు ఎద్దుల కాళ్ళు చూస్తే సాలు వంకర పోతుంది. చేను చివర ఏదో ఒక గుర్తు పెట్టుకుని దాన్నే చూస్తాడు. నువ్వూ అట్ల చూడు," అన్నాడు.

నా భార్య పరుగెత్తుకుంటూ చవుడు నేల అవతలి చివరకు పోయి నిలబడింది. "నన్ను చూసుకుంటూ రా," అని పిలిచింది.

ఆమెనే చూస్తూ తొక్కినాను. కింద ఏం జరుగుతుందో చూడలేదు. ఆమె ఎర్ర రవిక, నడుముకు దోపుకున్న కొంగు, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్న ముఖం, ఇవి దగ్గరికి వస్తూ ఉన్నాయి. చాలా దగ్గరికి వచ్చినాక నాకు బ్రేకు సంగతి గుర్తులేదని తెలిసింది. ఆమె పక్కకు తప్పుకుంది. నేను నేరుగా ముసలాయన జొన్నచేలోకి పోయి, రెండు సాళ్ళు పడగొట్టి ఆగినాను. ఆయన వచ్చి పడిన దంట్లు ఏరుతూ, "ఎద్దులకు వేస్తాలే," అన్నాడు. ఆ మాటతో నా గుండె నెమ్మదించింది.

సైకిలు వచ్చింది. సెలవలు అయిపోవడానికి ఇంకా వారం ఉంది. ఇక భయం లేదనుకున్నాను. కాని తుమ్మచెక్క మిగిలి ఉంది.

చెక్క పెడలుకు ఒక్క పక్కనే ఉండడంతో, పాదం ఎత్తినప్పుడల్లా బరువుకు తిరగబడి కిందికి వేళ్ళాడేది. దాన్ని కాలితో తిప్పుకునే లోపల సైకిలు ఆగిపోయేది. అందుకని నేనే రెండోవైపు కూడా ఇంకో చెక్క కట్టినాను. ఇప్పుడు ఎట్ల తిరిగినా కాలికి అందేది. చవుడు నేల మీద హాయిగా ఉంది. ఆ ధైర్యంతో ఒక పొద్దున మా పల్లెకు బయలుదేరినాను.

వాగు అప్పుడు ఎండి ఉంది. ఇసకలో దిగి నెట్టుకుంటూ దాటినాను. అవతల బండ్లబాట. బండిచక్రాలు కోసిన గాళ్ళలో తొక్కుకుంటూ పోతుంటే, కింది చెక్క ఒక రాయికి తగిలింది. సైకిలు నిలువునా ఎగిరి నన్ను తుమ్మపొదలో పారేసింది. లేచి చూస్తే మోకాలు చీరుకుపోయి ఉంది, పెడలు వంగింది. సైకిలు నెట్టుకుంటూ, కుంటుకుంటూ మా నాయన ఇంటికి చేరినాను.

మా నాయన రోజూ చేలపనికి పోయేవాడు. పనిలేని రోజుల్లో చెప్పులు కుట్టేవాడు. ఆ రోజు గుడిసె ముందు తోలు నానబెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా మోకాలు కడిగి గుడ్డ కట్టినాడు. సైకిలును చూసినాడు. పెడలును తిప్పి తిప్పి చూసినాడు.

"ఈ చెక్కలు ఎందుకురా?"

"కాలు అందడానికి నాయనా."

"పొట్టిగా ఉన్నది పెడలా, కాలా?"

నేను కుడికాలు వెనక్కి లాక్కున్నాను.

"నీకు ఎనిమిదేళ్ళప్పుడు ఎత్తు చెప్పు ఒకటి కుట్టినాను. అది పోయిందని చెప్పినావు."

"పోలేదు. వాగులో పారేసినాను. పిల్లోళ్ళు ఎక్కిరించినారు," అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది.

ఆయన కత్తి తీసి రాయి మీద నూరుకుంటూ, "అది బరువుగా కూడా ఉండింది. అప్పుడు నాకు సరిగా చేతకాలేదు," అన్నాడు. నా కుడిపాదం పట్టుకుని తోలుమీద పెట్టి చుట్టూ గీత గీసినాడు. ఎడమకాలి పక్కన నిలబెట్టి, తేడాను వేళ్ళతో కొలుచుకున్నాడు.

రెండు రోజులు అక్కడే ఉన్నాను. నల్లమల నుంచి కట్టెలు తెచ్చేవాళ్ళ దగ్గర నాయన పొణికి చెక్క తీసి పెట్టుకున్నాడు. చేతిలో పట్టుకుంటే బరువే తెలియని చెక్క అది. దాన్ని పాదం ఆకారంలో చెక్కి, పైనా కిందా దున్నపోతు తోలు వేసి, అంచు చుట్టూ కుట్టినాడు. కాలి నుంచి జారకుండా మడమ వెనక పట్టీ పెట్టినాడు. తొడుక్కుని లేచి నిలబడినాను. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియక గుడిసె చుట్టూ ఒకసారి నడిచినాను. నడుం కుడివైపుకు జారడం లేదు. అదీ తేడా. సైకిలు కోసం చేయించుకున్న చెప్పు నా నడకను కూడా సరిచేసింది.

నాయన వంగిన పెడలును రాయితో కొట్టి చక్కచేసి, రెండు చెక్కలూ విప్పి పొయ్యి పక్కన పెట్టినాడు. నేను గడప దాటినట్టు సైకిలు ఎక్కి తొక్కినాను. రెండు పాదాలూ పెడళ్ళను సమంగా నొక్కుతున్నాయి. పల్లె చివరిదాకా పోయి తిరిగి వచ్చి, బ్రేకు వేసి, సరిగ్గా ఆయన ముందర ఆగినాను. "ఊ," అన్నాడు నాయన. కళ్ళు తుడుచుకోవడానికి లోపలికి పోయినాడని మా అమ్మ తర్వాత చెప్పింది.

సెలవలయినాక రెండు బళ్ళూ మొదలయినాయి. పొద్దున పదకొండు దాకా ఒకచోట, అన్నం తిని, సైకిలెక్కి, ఎండ నడినెత్తి దాటేసరికి రెండోచోట. ముసలి పంతులు వెళ్ళిపోయినాక చేలకు పోతున్న పిల్లలు ఒక్కొక్కరే తిరిగి వచ్చినారు.

ఆ చలికాలమంతా సైకిలుకు ఏదో ఒకటి చేయించుకుంటూనే ఉన్నాను. మా బాటల్లో పల్లేరుకాయలు ఎక్కువ. మొదటి పదిరోజుల్లో ఏడు పంక్చర్లు పడినాయి. సాయిబు మామ ఒక పాత టైరు అంచులు కోసేసి, మధ్య పట్టీని నా టైరుకూ ట్యూబుకూ నడుమ పరిచినాడు. తొక్కడానికి కొంచెం బరువయింది కాని ముళ్ళ బాధ తప్పింది. వాగు అవతల ఎత్తు ఎక్కలేక దిగి నెట్టుకునేవాణ్ణి. సాయిబు మామ వెనక చైను చక్రం తీసి, ఎక్కువ పళ్ళున్న ఫ్రీవీలు వేసినాడు. చదును బాటలో ముందుకంటే మెల్లగా పోయేవాణ్ణిగాని, ఎత్తు మాత్రం కూర్చునే ఎక్కేవాణ్ణి. తర్వాత వెనక క్యారియర్ బిగించి, మార్కాపురం పలకలు రెండు డజన్లు గోనెలో చుట్టి పల్లెకు తెచ్చినాను. దారిలో మూడే పగిలినాయి.

నేను కొనేటప్పుడు పట్టించుకోని సుఖం ఒకటి ఆ సైకిలులో ఉంది. చీర పడకుండా చైనంతా మూసిన రేకు, చక్రానికి వల. పంచెలు కట్టుకుని మగసైకిళ్ళు తొక్కే పంతుళ్ళందరికీ పంచె అంచుల మీద నల్లటి మరకలుండేవి. మిషను మీటింగుకు పోతే నా పంచె ఒక్కటే తెల్లగా ఉండేది. ఒక పంతులు నన్ను పక్కకు పిలిచి, అట్లాంటిది ఇంకోటి దొరుకుతుందా అని మెల్లగా అడిగినాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున్నే లేచి రిజిస్టర్లు సర్ది పెట్టుకున్నాను. ఆయనా మేనేజరు గారూ గుర్రబ్బండిలో వచ్చినారు. పొద్దున నా బడి చూసినారు. మధ్యాన్నం వాళ్ళు బండిలో బయలుదేరినాక నేను సైకిలెక్కి, వాగులో వాళ్ళను దాటేసి, ముందే పోయి పిల్లలను కూర్చోబెట్టినాను. వాళ్ళు వచ్చేసరికి ఎక్కాలు సాగుతూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు ఒక ఆడపిల్లను లేపి చదివించినాడు. ఆ పిల్ల తడబడకుండా చదివింది. ఆయన రిజిస్టరు చూసి, ఏదో రాసుకుని, "రెండూ నడుస్తాయి," అని మేనేజరు గారితో అన్నాడు. నేను గోడకు ఆనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు మంచినీళ్ళు తాగుతుండగా మేనేజరు గారు బయట సైకిలు దగ్గర నిలబడినారు. అబద్ధం మోసుకుంటూ తిరగడం ఇక నావల్ల కాలేదు.

"అయ్యా, మీరు అడిగిన రోజు నాకు సైకిలు రాదు. వచ్చునని అబద్ధం చెప్పినాను," అన్నాను.

ఆయన సైకిలు సీటు మీద చెయ్యి వేసినారు. "నీకు ముందు ముగ్గురిని అడిగినాను. ముగ్గురూ కాదన్నారు. నువ్వు వచ్చునన్నావు. నీ కాలు నాకు కనబడుతూనే ఉంది. ఎప్పుడు నేర్చుకున్నావని అడగాలనిపించింది. అడిగితే ఎక్కడ రాదంటావోనని భయపడి అడగలేదు," అన్నారు. ఆ తర్వాత మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వినాము. అంత తేలికగా నేనెప్పుడూ నవ్వలేదు.

మరుసటేడు వానాకాలంలో నా కాలికి సెగ్గడ్డ లేచింది. చెప్పు తొడగనియ్యలేదు. మధ్యాన్నం బడి పోతుందని నేను దిగులు పడుతుంటే నా భార్య సైకిలు బయటికి తీసింది. ఎప్పుడు నేర్చుకున్నావన్నాను. "నువ్వు పొద్దున బడిలో ఉన్నప్పుడు, చవుడు నేల మీద," అంది. "నీ సీటు నాకు ఎత్తయితే దించుకున్నాను. మళ్ళీ నీ ఎత్తుకు పెట్టినాను. నువ్వు గమనించలేదు."

వారం రోజులు ఆమే పోయి పిల్లలకు చెప్పి వచ్చింది. ఏడోరోజు మధ్యాన్నం కొండల వైపు మబ్బు పట్టింది. కాసేపటికే కుండపోత. వాగు వస్తుందని నాకు తెలుసు. కుంటుకుంటూ వాకిటికీ లోపలికీ తిరిగినాను. పొద్దు వాలుతున్నా ఆమె రాలేదు. సైకిలు నెట్టుకుంటూ నీళ్ళలో దిగిందేమోనని నా మనసు పరిపరివిధాల పోయింది. బాట చివర ఎవరు కనబడినా ఆమే అనుకుని, కాదని తెలిసి, మళ్ళీ లోపలికి వచ్చేవాణ్ణి.

చీకటి పడకముందే ఆమె వచ్చింది. సైకిలు లేదు. నడుముదాకా తడిసిపోయి, తలమీద గోనెసంచి కప్పుకుని ఉంది. వెనకే వాగు దాటించిన గొర్రెలకాపరులు ఇద్దరు ఉన్నారు. వాళ్ళు నాకు చేతులు ఊపి తమ దారిన పోయినారు.

నేను ఏం అడగాలో తెలియక, "సైకిలు?" అన్నాను.

"మీ నాయన ఇంట్లో పెట్టి వచ్చినాను. నీళ్ళు తగ్గినాక తెచ్చుకుందాం," అంటూ గోనెసంచి దులిపి దండెం మీద వేసింది. "పన్నెండో ఎక్కం అందరికీ వచ్చింది, ఒక్కడికి తప్ప. వాడికి ఈసారి నువ్వు పోయి చెప్పు. ఇంట్లో అన్నం ఉందా?"

"ఉంది," అన్నాను. పొయ్యి మీద చారు మరుగుతూ ఉంది. ఆమె చీర మార్చుకుని వచ్చేలోపల కంచం కడిగి పెట్టినాను.